ఒకరి తీర్పు అందరికీ ఎలా వర్తిస్తుంది?



లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893 నుంచి నడుస్తోంది. నిజాం కాలంలో మొదలైన ఆ కార్ఖానా చుట్టూనే ఈ పేట పెరిగింది. మెట్టుగూడ నుంచి తార్నాక దాకా ఏ వీధిలో అడిగినా, తాతో తండ్రో మేనమామో రైల్వేలో చేసిన ఇల్లు ఒకటైనా ఉంటుంది. అలాంటి ఇళ్ళలో పర్మనెంటు ఉద్యోగం విలువ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఉద్యోగి మీద ఆరోపణ వస్తే మామూలుగా ఛార్జిషీటు ఇవ్వాలి, విచారణ జరపాలి, సంజాయిషీ చెప్పుకోనివ్వాలి. ఊరికే ఒక నోటీసు చేతిలో పెట్టి, ఇక రావద్దని పంపించెయ్యడం కుదరదు.

కానీ ఒకప్పుడు కుదిరేది. విచారణ లేకుండా ఉద్యోగిని తొలగించకూడదనే 311వ అధికరణం రాజ్యాంగంలో ఉన్నా, రైల్వే నియమావళిలో 148, 149 నిబంధనలు వేరే దారి చూపించేవి. పర్మనెంటు ఉద్యోగినైనా నోటీసిచ్చి, లేదా నోటీసు కాలానికి జీతమిచ్చి పంపించవచ్చని వాటి సారాంశం. ఈశాన్య సరిహద్దు రైల్వేలో మోతీరాం డేకా అనే ప్యూనును అలాగే పంపించేశారు. ఆయన అస్సాం హైకోర్టుకు వెళ్ళి ఓడిపోయాడు. సుప్రీంకోర్టుకు అప్పీలు చేశాడు. 1963 డిసెంబరులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ నిబంధనలు చెల్లవని తీర్పు చెప్పింది. పర్మనెంటు ఉద్యోగిని నోటీసుతో పంపించడమంటే ఉద్యోగం నుంచి తొలగించడమే, తొలగించాలంటే రాజ్యాంగం చెప్పిన విచారణ జరగాల్సిందే అన్నది అందులోని కారణం.

ఆ కేసులో లాలాగూడ కార్మికుడు ఎవరూ కక్షిదారు కాదు, ఎవరూ వకాల్తా మీద సంతకం పెట్టలేదు. అయినా ఆ తీర్పు ఇక్కడి కార్మికుడికీ రక్ష అయింది. ఎక్కడో ఒక ప్యూను గెలిచిన కేసు, అతని పేరైనా వినని వేలమందికి ఎలా వర్తించింది? ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది దీని గురించే.

మన న్యాయవ్యవస్థ ఇంగ్లండు నుంచి తీసుకున్న పద్ధతిలో నడుస్తుంది. శాసనసభ చట్టం చేస్తుంది. కానీ చట్టంలోని మాట ఒక మనిషి జీవితానికి తగిలినప్పుడు దాని అర్థమేమిటో తేల్చేది కోర్టు. అలా తేల్చిన అర్థం ఆ ఒక్క కేసుతో ముగిసిపోదు. మళ్ళీ అదే ప్రశ్న వచ్చినప్పుడు, వేరే న్యాయమూర్తి ముందుకొచ్చినా, జవాబు అదే కావాలి. దీన్నే మనం పూర్వ తీర్పు అంటున్నాం, పాత హైదరాబాదు వకీళ్ళు నజీరు అనేవారు. ఒకే రకమైన పరిస్థితిలో ఉన్న ఇద్దరికి కోర్టు రెండు రకాల న్యాయం చెప్పకూడదన్న నియమం దీనికి పునాది.

మన రాజ్యాంగంలో ఇది 141వ అధికరణంగా ఉంది. సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయసూత్రం దేశంలోని కోర్టులన్నిటికీ శిరోధార్యమని ఆ ఒక్క వాక్యం చెబుతుంది. హైకోర్టు మాట ఆ రాష్ట్రంలోని కింది కోర్టులన్నీ పాటించాలి. సికింద్రాబాద్ సివిల్ కోర్టుకు తెలంగాణ హైకోర్టు తీర్పు ఆజ్ఞ. బొంబాయి హైకోర్టు తీర్పు మాత్రం గౌరవించి పరిశీలించాల్సిన సలహా. హైకోర్టు లోపల కూడా అంతే: ఒక్కరే కూర్చున్న న్యాయమూర్తి ఇద్దరి డివిజన్ బెంచి మాటకు, డివిజన్ బెంచి అంతకంటే పెద్దదైన ఫుల్ బెంచి మాటకు కట్టుబడాలి.

రాష్ట్రాలు విడిపోయినప్పుడు ఈ ప్రశ్న మనకు మరీ దగ్గరగా వచ్చింది. 1954 జులై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడింది. అంతకుముందు దాకా ఆంధ్ర జిల్లాలన్నీ మద్రాసు హైకోర్టు కింద ఉండేవి. కొత్త కోర్టు వచ్చింది కదా, మరి మద్రాసు పాత తీర్పుల మాటేమిటి? కోకా సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ఆ కోర్టు ఫుల్ బెంచి, ఎం. సుబ్బారాయుడు కేసులో జవాబు చెప్పింది: ఆ తేదీకి ముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులు తమకూ శిరోధార్యాలే. మాట్లాడుకున్న ఒప్పందాలు, పంచుకున్న ఆస్తులు, రాసుకున్న దస్తావేజులు అన్నీ ఆ తీర్పుల్ని నమ్ముకుని చేసుకున్నవే కదా. సరిహద్దు మారిందని ఆ నమ్మకాన్ని రద్దు చెయ్యకూడదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పూర్వ తీర్పులో కట్టుబడాల్సింది దేనికి? చాలామంది ఫలితానికి అనుకుంటారు. ఫలానా కేసులో ఉద్యోగి గెలిచాడు కాబట్టి నేనూ గెలవాలంటారు. అది సరికాదు. కట్టుబడాల్సింది ఆ ఫలితానికి తీసుకెళ్ళిన కారణానికి. దీన్ని చూపించడానికి నేను దూరం వెళ్ళక్కర్లేదు. లాలాగూడకు పక్కనే, ఉస్మానియా క్యాంపస్‌లో పుట్టిన ఒక కేసు ఉంది.

1966 నాటి సంగతి. ఉస్మానియా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ డాక్టర్ డి.ఎస్. రెడ్డి. 1964లో ఆయనకు అయిదేళ్ళ పదవీకాలం ఇచ్చారు. 1959 నాటి ఉస్మానియా విశ్వవిద్యాలయం చట్టంలో వైస్ ఛాన్సలర్‌కు గట్టి రక్షణ ఉండేది. దుష్ప్రవర్తన కానీ అసమర్థత కానీ రుజువైతే తప్ప ఆయన్ని తీసెయ్యడానికి వీల్లేదు. అది కూడా హైకోర్టు లేదా సుప్రీంకోర్టు న్యాయమూర్తి, లేదా ఆ పదవి చేసి దిగినవారు విచారణ జరిపిన తర్వాతే. విశ్వవిద్యాలయాల మీద ప్రభుత్వానికి ఎంత అధికారం ఉండాలన్న వివాదం ముదిరిన ఆ రోజుల్లో రాష్ట్ర శాసనసభ చట్టాన్ని సవరించింది. పదవీకాలాన్ని అయిదేళ్ళ నుంచి మూడేళ్ళకు తగ్గించింది. తర్వాత 13-ఎ అనే కొత్త సెక్షన్ చేర్చింది. సవరణ వచ్చేనాటికి పదవిలో ఉన్న వైస్ ఛాన్సలర్, కొత్తవారు వచ్చేదాకా మాత్రమే ఆ కుర్చీలో ఉంటారు, కొత్తవారిని 90 రోజుల లోపల నియమించాలి అన్నది దాని సారాంశం.

పదవిలో ఉన్నది ఒక్కరే. అంటే ఆ సెక్షన్ తగిలేదీ ఒక్కరికే.

రెడ్డిగారు హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1967లో రాజ్యాంగ ధర్మాసనం ఆ 13-ఎ సెక్షన్‌ను కొట్టేసింది. ఎందుకు కొట్టేసిందో జాగ్రత్తగా వినండి. పదవీకాలం తగ్గించే అధికారం శాసనసభకు లేదని అనలేదు. వైస్ ఛాన్సలర్‌ను ఎప్పటికీ కదిలించకూడదని కూడా అనలేదు. ఉన్న వైస్ ఛాన్సలర్ చేసే పని, రాబోయే వైస్ ఛాన్సలర్ చేసే పని ఒకటే. రాబోయేవారికేమో విచారణ లేకుండా తీసెయ్యకూడదన్న రక్షణ అలాగే ఉంచారు. ఉన్నవారికి మాత్రం ఆ రక్షణ తీసేశారు. ఈ తేడాకు తగిన ఆధారం ఏదీ లేదు. కాబట్టి చట్టం ముందు అందరూ సమానులే అన్న 14వ అధికరణాన్ని ఇది దెబ్బతీస్తుంది. ఇదీ కారణం.

లా విద్యార్థులకు ఈ తీర్పు చెప్పేటప్పుడు నేను వాళ్ళ చేత ఒక అభ్యాసం చేయిస్తాను. కేసులోని వాస్తవాలను ఒక్కొక్కటే మార్చి చూడమంటాను. ఆయన పేరు, విశ్వవిద్యాలయం, ఊరు మార్చినా తీర్పు మారుతుందా? మారదు. అయిదేళ్ళు, మూడేళ్ళు అన్న అంకెలు మారిస్తే? అప్పుడూ మారదు. మరి ఉన్నవారికీ రాబోయేవారికీ ఒకే రక్షణ ఇచ్చి ఉంటే? అప్పుడు మారుతుంది. మారిస్తే తీర్పు నిలబడని వాస్తవం ఏదో, దాని చుట్టూ ఉన్న కారణమే రేపటి కోర్టుకు శాసనం. సందర్భవశాత్తూ న్యాయమూర్తి అన్న మిగతా మాటలకు విలువ ఉంటుంది కానీ ఆజ్ఞ శక్తి ఉండదు. లా రిపోర్టులో తీర్పుకు పైన చిన్న అక్షరాల్లో వేసే సంగ్రహం చదివి, ఒక వాక్యం ఏరుకుని కోర్టులో వినిపించేవాళ్ళు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు.

ఆ కారణం నలభై ఏళ్ళ తర్వాత ఢిల్లీలో మళ్ళీ నిలబడింది. రాజమండ్రి నుంచి వెళ్ళిన డాక్టర్ పి. వేణుగోపాల్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1994 ఆగస్టు 3న అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో, అంటే ఎయిమ్స్‌లో, దేశంలోనే మొదటిసారి విజయవంతంగా గుండె మార్పిడి చేసిన శస్త్రవైద్యుడు ఆయన. 2003 జులైలో ఆ సంస్థకు అయిదేళ్ళ కాలానికి డైరెక్టర్ అయ్యారు. 2007లో పార్లమెంటు ఎయిమ్స్ చట్టాన్ని సవరించింది. డైరెక్టర్ పదవి అయిదేళ్ళు, లేదా 65 ఏళ్ళ వయసు దాకా, ఏది ముందైతే అది అని పెట్టింది. అక్కడితో ఆగలేదు. ప్రస్తుతం పదవిలో ఉన్నవారికి ఇది సరిపడకపోతే ఆ రోజుతోనే దిగిపోవాలి, మూడు నెలల జీతం పరిహారంగా తీసుకోవాలి అని కింద ఒక నిబంధన చేర్చింది. వేణుగోపాల్‌గారికి అప్పటికే 65 నిండాయి. ఆ నిబంధన తగిలింది ఆయన ఒక్కరికే.

2008 మే 8న సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. అది ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం. వాళ్ళ ముందు 1967 నాటి ఉస్మానియా తీర్పు ఉంది, అది అయిదుగురిది. పాటించాల్సిందే. ఈ కేసు సూటిగా ఆ తీర్పు పరిధిలోకే వస్తుందని వాళ్ళు తేల్చారు. వయోపరిమితి పెట్టే అధికారం పార్లమెంటుకు ఉందన్నంత మాత్రాన, ఒక్క మనిషిని ఏరి పక్కన పెట్టే అధికారం రాదు. రాబోయే డైరెక్టర్లకు ఉండే నోటీసు, కారణం చెప్పడం లాంటి రక్షణలు ఉన్నవారికి లేకుండా చేయడం వివక్షే. పదవీకాలంలో అప్పటికి మిగిలింది రెండు నెలలు కూడా లేదు. అయినా ఆయన తిరిగి ఆ కుర్చీలో కూర్చున్నారు.

విశ్వవిద్యాలయం వేరు, వైద్య సంస్థ వేరు. ఒకటి రాష్ట్ర చట్టం, రెండోది పార్లమెంటు చట్టం. అయినా కారణం ఒకటే కాబట్టి తీర్పూ ఒకటే. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్ని ఆర్డినెన్సుతో అయిదేళ్ళ నుంచి మూడేళ్ళకు తగ్గించి, ఉన్నవారిని దింపినప్పుడు కూడా ఇలాంటి ప్రశ్నే లేచింది. ఆ కేసులో ఎన్నికల సంఘం స్వతంత్రతకు సంబంధించిన రాజ్యాంగ నియమాలు కూడా ఉన్నాయి. మే 29న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టేసింది.

ఇప్పుడు నాణేనికి రెండోవైపు. 1983 జనవరిలో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఫిబ్రవరిలోనే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. 55 దాటిన వేలమంది ఆ నెలాఖరుతో ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు మధ్యలో ఉన్న కుటుంబాలకు అది ఎంత కష్టమో ఆ రోజులు చూసినవారికి తెలుసు. వాళ్ళు కోర్టుకు వెళ్ళారు. 1985 జనవరిలో, కె. నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ నిర్ణయాన్ని సమర్థించింది. ఉస్మానియా తీర్పు ఉండగా ఇదెలా అని అడగవచ్చు. ఇందాకటి అభ్యాసం చేసి చూడండి. ఉస్మానియాలో దెబ్బ ఒక్కరి మీద పడింది. ఇక్కడ అందరికీ ఒకే వయసు పెట్టారు. ఉన్నవారికి ఒక న్యాయం, రాబోయేవారికి ఒక న్యాయం అన్న తేడా లేదు. నష్టం పెద్దదే కానీ, ఆ కారణం ఇక్కడ లేదు. పాత తీర్పుకూ ముందున్న కేసుకూ అసలైన తేడా ఏమిటో చూపించి, అది దీనికి వర్తించదని చెప్పడం కూడా పూర్వ తీర్పును గౌరవించడమే. అయితే ఆ తేడా నిజమైనది కావాలి. ఇష్టంలేని తీర్పును తప్పించుకోవడానికి కల్పించుకున్నది కాకూడదు.

మరి పాత తీర్పే తప్పయితే? అదీ మన కళ్ళముందే జరిగింది. రిజర్వేషన్ల వర్గీకరణ కోసం సాగిన దండోరా ఉద్యమం తర్వాత, 2000లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ షెడ్యూల్డు కులాల 15 శాతం రిజర్వేషన్‌ను ఎ, బి, సి, డి అని నాలుగు వర్గాలుగా విభజించింది: ఒకటి, ఏడు, ఆరు, ఒకటి శాతం చొప్పున. రాష్ట్ర హైకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. 2004 నవంబరు 5న ఇ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు అయిదుగురి ధర్మాసనం కొట్టేసింది. రాష్ట్రపతి జాబితాలో ఉన్న షెడ్యూల్డు కులాలన్నీ కలిసి ఒకే వర్గం, దాన్ని రాష్ట్రం విడగొట్టకూడదన్నది కారణం. వర్గీకరణ కోరినవారు, వద్దన్నవారు ఇద్దరూ మన మధ్యవారే. ఉస్మానియా క్యాంపస్‌లో ఈ వాదం ఎంత వేడిగా నడిచిందో తార్నాకలో ఉన్నవారికి చెప్పక్కర్లేదు.

ఆ కారణం దేశమంతటికీ శాసనమైంది. దాన్ని పాటిస్తూ పంజాబ్-హర్యానా హైకోర్టు పంజాబ్‌లోని వర్గీకరణను కూడా కొట్టేసింది. పంజాబ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2014లో ముగ్గురు న్యాయమూర్తులు విషయాన్ని అయిదుగురికి నివేదించారు. 2020 ఆగస్టు 27న ఆ అయిదుగురు, చిన్నయ్య తీర్పు సరిగా లేదని తమకు అనిపిస్తోందని కారణాలతో సహా రాశారు. అయినా దాన్ని కొట్టెయ్యలేదు. అయిదుగురి మాటను అయిదుగురు కొట్టెయ్యడానికి వీల్లేదు. ఇంకా పెద్ద ధర్మాసనం చూడాలని ప్రధాన న్యాయమూర్తిని కోరారు. 2024 ఆగస్టు 1న ఏడుగురి ధర్మాసనం, ఆరుగురు ఒకవైపు, ఒకరు మరోవైపు, చిన్నయ్య తీర్పు చెల్లదని ప్రకటించింది. తెలంగాణ వర్గీకరణ చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది.

దాదాపు ఇరవై ఏళ్ళు. ఎదురుచూసినవారికి అది ఒక తరం చదువు, ఒక తరం ఉద్యోగాలు. ఆ ఆలస్యం తేలికైనదని నేను అనలేను. కానీ 2020 నాటి ఆ అయిదుగురు చేసిన పనిని మాత్రం మనసారా గౌరవిస్తాను. పాత తీర్పు తప్పని నమ్మి కూడా, తమకు లేని అధికారాన్ని చేతిలోకి తీసుకోలేదు. అలా తీసుకుని ఉంటే, రేపు మరో అయిదుగురు మళ్ళీ తిరగరాసేవారు. అప్పుడు గెలిచినవాడి గెలుపుకు కూడా గ్యారంటీ ఉండదు. 2024లో విభేదించిన ఒక్క న్యాయమూర్తి, జస్టిస్ బేలా త్రివేది, ముందుగా ఎత్తిచూపిన లోపం కూడా ఇలాంటిదే: 2014లో ముగ్గురు న్యాయమూర్తులు తమకు శిరోధార్యమైన తీర్పును పునఃపరిశీలించమని, కారణాలు రాయకుండానే పంపించారని. ఆమె ముగింపుతో ఏకీభవించినా ఏకీభవించకపోయినా ఆ మాట పట్టించుకోవాల్సిందే. పాత తీర్పును పాటించేవారు ఎందుకు పాటిస్తున్నారో చెప్పాలి. తేడా ఉందనేవారు ఆ తేడా చూపించాలి. మార్చాలనేవారు మరింత గట్టి కారణం చెప్పాలి, సరైన మెట్టు ఎక్కి చెప్పాలి.

పూర్వ తీర్పుల పద్ధతి అంటే పాతదాన్ని పట్టుకుని వేలాడడమని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. అధికారంలో ఉన్నవాడికి పూర్వ తీర్పు అవసరం తక్కువ, వాడి మాట ఎలాగూ చెల్లుతుంది. అవసరమంతా పలుకుబడి లేనివాడిది. వాడు నిలబడి, ఇదివరకు ఇలాంటి కేసులో మీరు ఈ కారణం చెప్పారు, నా విషయంలో ఎందుకు చెప్పరు అని అడగగలిగేది ఈ పద్ధతి వల్లే. అడిగితే కోర్టు జవాబు చెప్పి తీరాలి. ఒక ప్యూను ప్రశ్న ఏడుగురు న్యాయమూర్తుల చేత జవాబు చెప్పించింది, ఆ జవాబు లక్షలమంది రైల్వే ఉద్యోగులకు హక్కు అయింది.

అందుకే మీకో విన్నపం. మీ ఇంట్లో కానీ, మీ యూనియన్‌లో కానీ, మీ కాలనీలో కానీ ఒక కేసు తేలినప్పుడు గెలిచామా, ఓడామా అన్న దగ్గర ఆగిపోకండి. ఏ కారణంతో అని మీ వకీలును అడగండి. సుప్రీంకోర్టు తీర్పులు 2023 జనవరి నుంచి ఇ-ఎస్‌సిఆర్ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతున్నాయి, కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా వస్తున్నాయి. లా చదివే పిల్లలు ఇంట్లో ఉంటే డి.ఎస్. రెడ్డి కేసు తీసి మీకు చదివి వినిపించమనండి. కారణం అడిగే కక్షిదారులు ఎంతమంది ఉంటే, కారణం రాసే కోర్టులు అంత గట్టిపడతాయి.